ఛత్రి కొండమీద సంస్మరణసభ

యుద్ధమునందు ప్రాణములు విడిచినవారిని స్మరించుట నాగరికజాతు లన్నింటియందును బహుకాలమునుండి వచ్చుచున్న యాచారము. పూర్వము ఆథెన్సు పౌరులు ఆ యేటి యుద్ధములో మడిసినవారి యస్థికలను తెగ కొక్కటి చొప్పున కొయ్యపెట్టెలయం దుంచి యూరేగించెడివారు. శవములు దొరకనివారికొఱకు వట్టి పాన్పు నొకదానిని పఱచి, దానిని గూడ మోసికొనిపోయెడివారు. మనదేశమున ఊళ్ల పొలిమేరలలో వీరగల్లులు నేటికిని నిలిచియున్నవి. పల్నాటిసీమలోని కారెంపూడియందు 12వ శతాబ్దపు యుద్ధమున కూలినవారికి ఏటేట కార్తికమాసము చివర ఆరాధన జరుగుచున్నది. కాలములును దేశములును వేఱైనను ఈ ధర్మము మానవులకెల్ల సామాన్యమని తోచుచున్నది.

అయితే స్మరణమన నేమి? శ్రాద్ధకర్మమునందు గోత్రనామములు చెప్పనిదే పిండము పెట్టము. పేరు తెలియనివారికి సామాన్యముగా ఒక్క తర్పణము విడిచి తృప్తిపడుదుము. కావున స్మరణమునకు మొదటి యంగము పేరు. ఏ జాతియైనను తన మృతులలో ఎవరి పేరు చెప్పినది, ఎవరిని లెక్కలో మాత్రము చేర్చినది, ఎవరిని లెక్కలో సైతము చేర్చక విడిచినది అని విచారించినచో ఆ జాతి బ్రతికియున్న మనుష్యుల నెట్లు చూచుచున్నదో తేటపడును. ఇటీవలి సంవత్సరములలో ఆంగ్లదేశమున పర్యటించుచు మేము చూచిన యొక సంస్మరణసభ యీ విచారమునకు మమ్ము పురికొల్పినది. ఆ సభ భారతసైనికులకొఱకు జరుగునది గావున దాని చరిత్రము మన చదువరులకు తెలియవలసియున్నది.

ఆంగ్లదేశపు దక్షిణతీరమున బ్రైటను అను పట్టణము కలదు. లండను వాసులు సముద్రపుగాలికై తఱచుగా పోవు తావది. ఆ పట్టణమునకు ఉత్తరముగా సౌత్ డౌన్స్ అను సున్నపురాతి కొండల వరుస యున్నది. చెట్లు తక్కువ, పచ్చిక యెక్కువ, గొఱ్ఱెలు మేయుచుండును. ప్యాచమ్ అను పల్లెకు పైన, ఆ కొండవాలున తెల్లని చలువరాతి మండప మొకటి కనబడును. ఎనిమిది స్తంభములమీద గుమ్మటము నిలిచియున్న యీ కట్టడమును అక్కడివారును మన మాటతోనే ఛత్రి యందురు. ప్రతి సంవత్సరము జూన్ నెలలో ఒక ఆదివారమున అచ్చట మృతసైనికుల సంస్మరణము జరుగును. బండ్లు పోవు త్రోవ లేదు. పెద్దబాటనుండి కాలిబాట పట్టి కొండ యెక్కవలెను. మేము పోయిననాడు ముసలివారు కఱ్ఱలు పట్టుకొనియు, తల్లులు బిడ్డల నెత్తుకొనియు గాలి కెదురుగా నడచిపోవుచుండిరి.

ఆ కొండమీదికి మన సైనికు లేల వచ్చిరో మొదట చెప్పవలెను. 1914వ సంవత్సరము ఆగస్టులో ఐరోపా మహాసంగ్రామము ప్రారంభమైనది. బ్రిటిషువారి సొంత సేన చిన్నది. క్రొత్తగా చేరినవారికి యుద్ధశిక్షణ ముగియలేదు. ఆ సమయమున భారతదేశమునుండి లాహోరు, మీరట్ దళములను ఓడలమీద రప్పించిరి. సెప్టెంబరు చివరనుండి వారు ఫ్రాన్సుదేశమున మార్సేల్సు రేవున దిగిరి. అక్టోబరు ముగియకమునుపే బెల్జియములోని ఈప్ర పట్టణముకడ కందకములలో నుండిరి. నెలకు 11 రూపాయల జీతమునకు కుదిరిన సిపాయీలు, ఎండలకు తగిన పలుచని బట్టలతోడనే, ఆ దేశపు తొలి శీతకాలమును బురదలో నిలిచి గడపిరి. 1915 మార్చి 10వ తేదీనుండి 13వ తేదీవఱకు నవ్ షాపెల్ అను గ్రామముకడ జరిగిన యుద్ధమున భారతదళములలో హతులును క్షతులును కలిసి నాలుగు వేలకు మించిరి. ఏప్రిల్ 22వ తేదీన జర్మనులు ఈప్రకడ మొదటిసారి విషవాయువును పెద్దయెత్తున ప్రయోగించిరి; నాలుగు దినములకు లాహోరు దళమును ఆ ప్రాంతమున యుద్ధమునకు పంపిరి. యుద్ధము ముగియులోపల భారతదేశమునుండి సైనికులును పరిచారకులును కలిసి సుమారు 14 లక్షలమంది సేవ చేసిరి. మరణించినవారు 74 వేలకు పైబడిరి.

గాయపడినవారిని ఓడలలో ఆంగ్లదేశమునకు దాటించి బ్రైటనులో వైద్యశాలలు తెఱచిరి. వానిలో ముఖ్యమైనది రాయల్ పెవిలియన్. ఇది నాలుగవ జార్జిరాజు 19వ శతాబ్దపు తొలిభాగమున తన విలాసమునకై, హిందూస్థానపు కట్టడముల నూహించి గుమ్మటములతోను మీనారులతోను కట్టించుకొనిన మేడ. 1850లో పట్టణసంఘమువారు దానిని కొనిరి. భారతసైనికులకు ఈ మేడ స్వదేశమువలె తోచునని యెంచి దీపవృక్షములు వ్రేలాడు మందిరములలో మంచములు వేయించిరి. 1914 డిసెంబరునుండి 1916 ఆరంభమువఱకు రెండువేలకు పైగా భారతసైనికు లచ్చట చికిత్స పొందిరి. తోటలో సిక్కులకు గురుద్వారముగా డేరా వేసిరి. ముస్లిములకు నమాజునకు చోటు కేటాయించిరి.

ఈ యేర్పాటులలో మన మాలోచింపదగిన విషయ మొకటి యున్నది. ఆ వైద్యశాలలో తొమ్మిది వంటశాలలుండెను. మతమున కొకటి, కులమున కొకటి, మాంసాహారుల కొకటి, శాకాహారుల కొకటి యని విభజించి యేర్పఱచినవి. హిందువుల నీటికుళాయి వేఱు, ముస్లిములది వేఱు. దొరతనమువారికి మన యాచారములమీద మక్కువ యుండుటచేత మాత్రమే యిది జరుగలేదు. 1857 నాటి భయము వారిని విడువలేదు. మతభంగమైనదను వదంతి దేశమునకు పోయినచో సైన్యమున చేరువారు తగ్గుదురని వారి జంకు. కారణ మేదైనను ఒకే కందకములో ఒకే గుండ్లవాన నెదుర్కొని, ఒకరి నొకరు వీపున మోసికొని తెచ్చిన మనుష్యులు వైద్యశాలకు రాగానే నీటికడ వేఱుపడిరి. యుద్ధము గూడ తెగ్గొట్టజాలని కట్టుబాట్లు మన తలలలో ఎంత గట్టిగా నాటుకొనియుండెనో దీనివలన తెలియుచున్నది.

బ్రైటను వైద్యశాలలలో మరణించిన ముస్లిములను వోకింగు పట్టణమునకు కొనిపోయి, అచ్చట 1889లో నిర్మింపబడిన షాజహాను మసీదుకు సమీపమున ఖననము చేసిరి. హిందువులును సిక్కులును మొత్తము 53మంది. వారిని ప్యాచమ్ పైనున్న కొండమీదికి చేర్చి, వారి వారి విధుల ననుసరించి దహనము చేసి, చితాభస్మమును సముద్రమున కలిపిరి. గంగకు బదులు ఇంగ్లీషు కాల్వ వారికి తీర్థమైనది. కొడుకు తల కొఱవి పెట్టవలసినచోట తోడి సైనికుడు పెట్టెను. పంజాబులోను గడ్వాలులోను ఉన్న తల్లులకు ఆ వార్త ఎన్నినాళ్లకు చేరినదో!

1915లో ఇండియన్ మెడికల్ సర్వీసునకు చెందిన దాస్ గుప్తా అను యువవైద్యుడు ఆ చితాస్థలమున స్మారక మొకటి నిలుపవలెనని బ్రైటను మేయరగు జాన్ ఆటరుకు సూచించెను. మేయరు సమ్మతించి శ్రద్ధతో పని నడిపెను. వ్యయమును ఇండియా ఆఫీసును పట్టణసంఘమును పంచుకొనినవి. ఇ. సి. హెన్రిక్విస్ అను భారతీయ శిల్పి నక్ష వ్రాసెను. చితులు పేర్చిన మూడు తావులను గ్రానైటు పలకలతో కప్పి, వానికి పైగా ఛత్రిని లేపిరి. 1921 ఫిబ్రవరి 1వ తేదీన వేల్సు యువరాజు దానిని ఆవిష్కరించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ కొండను సైనికశిక్షణకు వాడుకొనిరి. అప్పుడు తుపాకిగుండ్లు తగిలి చలువరాయి చెడినది. యుద్ధములో మరణించినవారి స్మారకమే మఱియొక యుద్ధమున గాయపడి, తరువాత బాగుచేయబడినది. బ్రిటిష్ లీజియన్ అను మాజీసైనికుల సంఘమువారు అనేకసంవత్సరములు అచ్చట వార్షికసభ నడిపి, 20వ శతాబ్దము చివర మానుకొనిరి. పిమ్మట ఆ ప్రాంతపు భారతీయులు పూనుకొని దానిని మరల నిలిపిరి.

మేము చూచిన సభ మిక్కిలి నిరాడంబరముగా జరిగినది. మాజీసైనికులు తమ సంఘముల జెండాలతో రెండువరుసలుగా నిలిచిరి. హిందువుల ప్రార్థనయు, సిక్కుల అరదాసును, క్రైస్తవుల ప్రార్థనయు వరుసగా జరిగెను. తరువాత బాకా మ్రోగెను. దీనిని వారు లాస్ట్ పోస్ట్ అందురు. రాత్రి శిబిరమున కావలి సరిచూచుట ముగిసినదని తెలుపు పిలుపు అది. మృతునకు దినము ముగిసినదను నర్థముతో అంత్యక్రియలలో వాడుకకు వచ్చినది. బాకా ఆగగానే జెండాలు నేలకు వ్రాలెను. అందఱును రెండు నిమిషములు మౌనముగా నుండిరి. ఈ మౌనము 1919 నవంబరు 11వ తేదీన, యుద్ధవిరామము జరిగి సంవత్సరము నిండిననాడు, అయిదవ జార్జిరాజు విన్నపముపై బ్రిటిష్ సామ్రాజ్యమంతట మొదటిసారి పాటింపబడినది. మౌనమునకు మతభేదము లేదు, భాషాభేదము లేదు; ఎవరి మనస్సులో వారు తమకు తోచిన రీతిని తలచుకొనవచ్చును. ఆ రెండు నిమిషములలో గాలిచప్పుడును దూరమున గొఱ్ఱెల యరుపును తప్ప మఱేమియు వినబడలేదు.

మౌనము ముగిసిన పిమ్మట పూలచక్రముల నుంచిరి. మా ప్రక్కన నొక పంజాబీ వృద్ధుడు తన మనుమరాలిని చేయిపట్టుకొని, ఛత్రికి దిగువనున్న రాతిగోడకడకు తీసికొనిపోయెను. అందు 53 పేర్లు చెక్కబడియున్నవి. ఆ బిడ్డ ఆంగ్లదేశమున పుట్టినది. ఆంగ్లాక్షరములలో నున్న పేర్లను కూడబలుకుకొనుచు ఒక్కొక్కటి పైకి చదువుచుండెను; తాత దాని యుచ్చారణమును సవరించుచుండెను. వీరిలో మీ బంధువు లున్నారా యని మేము హిందీలో నడిగితిమి. లేరనియు, ఐనను ఏటేట ఎవరో యొకరు ఈ పేర్లను నోటితో పలుకవలెను గదా యనియు ఆయన బదులు చెప్పెను.

ఆ పేర్లగోడ ఛత్రితో పుట్టినది కాదు. ఛత్రిమీద చెక్కిన శాసనము సైనికుల త్యాగమును సామాన్యముగా కొనియాడునదే కాని, అందు ఒక్కని పేరైనను లేదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారు ఆ 53 పేర్లను చెక్కించిన గోడ 2010 సెప్టెంబరులో నెలకొల్పబడినది. అనగా యువరాజు ఆవిష్కరణమునకును పేర్ల చెక్కడమునకును నడుమ 89 సంవత్సరములు గడచెను. భర్త పేరు, తండ్రి పేరు అచ్చట చూడదగినవా రెవ్వరును అప్పటికి బ్రతికియుండరు.

ఆ కమిషనుయొక్క చరిత్ర మిచ్చట కొంత చెప్పుట యవసరము. 1917లో ఫేబియన్ వేర్ అను నాతని ప్రయత్నముచేత, ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అను పేరుతో ఇది యేర్పడినది. 1918లో సర్ ఫ్రెడరిక్ కెన్యన్ దీనికొఱకు ఒక నివేదిక వ్రాసెను. సేనానికిని సామాన్యభటునకును, ధనికునకును పేదకును ఒకే తీరు రాయి; మృతదేహములను స్వదేశమునకు మరల్పరాదు; గోరీ తెలియనివారి పేర్లను స్మారకములమీద చెక్కవలెను అనునవి ముఖ్యనియమములు. నాటి ధనిక కుటుంబములలో పెక్కుమంది దీనిని నిరసించిరి. 1920లో పార్లమెంటునందు చర్చయు జరిగెను. ఐనను నియమము నిలిచినది. అంతకుముందు యుద్ధములలో సామాన్యభటులను గుంపుగా గోతిలో పూడ్చి, దొరలకు మాత్రము శిలాఫలకములు నిలుపు వాడుక ఐరోపాలో నుండెను. అట్టి వాడుకను తొలగించిన యీ సంస్కారమును మేము మనఃపూర్వకముగా మెచ్చుకొనుచున్నాము. దాని ఫలము ఈప్రలోని మెనిన్ గవని కడ ప్రత్యక్షముగా కనబడును. 1927లో ఆవిష్కరింపబడిన యా గవనిగోడలమీద గోరీ తెలియని 54 వేలకు పైగా సైనికుల పేర్లున్నవి. వానిలో భారతసైనికుల పేర్లును గలవు. ఆ యేడే నవ్ షాపెల్ కడ అశోకస్తంభమును తలపించు భారతస్మారకము లేచినది. దానిమీద 4,700కు పైగా పేర్లున్నవి.

కాని ఐరోపానేలమీద పాటించిన నియమము ఇతరభూములలో తప్పినది. 1929లో ఆవిష్కరింపబడిన బస్రా స్మారకమును చూడుడు. మెసపొటేమియా యుద్ధమున భారతసైనికులు అసంఖ్యాకముగా మరణించిరి. ఆ స్మారకముమీద బ్రిటిషుభటుల పేర్లన్నియు చెక్కిరి; భారతీయులలో అధికారుల పేర్లు మాత్రము చెక్కి, సిపాయీలను పటాలము వెంబడి ఇంతమంది యని అంకెలతో సరిపెట్టిరి. తూర్పు ఆఫ్రికాలోని మోతగాండ్రకు లెక్కయైన దక్కలేదు. 2021 ఏప్రిల్ నెలలో ఆ కమిషనువారే ప్రత్యేకసంఘముచేత విచారణ జరిపించి ఈ యన్యాయమును బహిరంగముగా నంగీకరించిరి. భారత, ఆఫ్రికా, ఈజిప్టు దేశములకు ముఖ్యముగా చెందిన 45 వేలనుండి 54 వేలమందిని అసమానముగా స్మరించిరనియు, మఱి 1,16,000 మందికి తక్కువకాక, బహుశః 3,50,000 వఱకును, పేరుతో స్మరింపబడలేదనియో బొత్తిగా స్మరింపబడనే లేదనియో ఆ నివేదిక తెలిపినది. తరువాత క్షమాపణయు చెప్పిరి. ఏలినవారి దోషము ఏలినవారి నోటనే వెలువడుట సత్యమునకు మేలు.

ఇంతవఱకు చదివి, ఇదియంతయు తెల్లవారి దోషమే యని యూరక యుండుటకు వీలులేదు. బ్రైటనునుండి పడమరగా న్యూ ఫారెస్ట్ అను అడవిసీమలో బ్రాకెన్‌హర్స్ట్ అను పల్లె కలదు. సభ ముగిసిన పిమ్మట మే మచ్చటికి పోయితిమి. 1914లో భారతక్షతగాత్రులకు ఆ పల్లెయందును వైద్యశాల తెఱచిరి. అచ్చటి సెయింట్ నికొలాస్ చర్చి యావరణలో, తరువాత వచ్చి మరణించిన న్యూజీలాండు సైనికుల గోరీలు వరుసలు తీరియుండగా, వానికి వేఱుగా నొక్క గోరీ యున్నది. అది సుఖా యను నాతనిది. ఆతడు బరేలీ ప్రాంతమువాడు. సైన్యముతో వచ్చిన పారిశుద్ధ్యపు పనివాడు. 1915 జనవరిలో మరణించెను.

సుఖా మరణవృత్తాంతము ఇట్లు చెప్పబడుచున్నది. ఆతనిని దహనము చేయవలెనని ప్యాచమ్ చితాస్థలమునకు కబురు పంపగా, అంటరానివాడు గావున తమవారితో సమానముగా ఆతనిని దహింప వీలులేదని హిందువులు నిరాకరించిరి. వోకింగు మసీదువారిని అడుగగా, ముస్లిము కానివానికి తమ శ్మశానమున చోటులేదనిరి. అప్పుడు బ్రాకెన్‌హర్స్ట్ గ్రామపు క్రైస్తవగురువు, ఈ మనుష్యుడు మన దేశముకొఱకు మరణించినాడు గావున మా యావరణలో పూడ్పింతునని చెప్పి తన చర్చిలో తావిచ్చెను. ఆ గ్రామస్థులు చందా వేసికొని రాయి నిలిపిరి. ఆతడు క్రైస్తవుడు కాడనియు, ఆతని సేవను మెచ్చి ఈ రాతిని నిలిపితిమనియు దానిమీద వ్రాయించిరి. ఆతని పేరు, ఊరు ఆ రాతిమీద నున్నవి.

చదువరులు దీనిని కొంచెము తలపోయవలెను. ఛత్రిమీద దహనమైన యగ్రజాతులవారి పేర్లు రాతికెక్కుటకు 2010వ సంవత్సరము రావలసివచ్చెను. వారు తమ సరసన చోటీయని సుఖా పేరు, ఆతనిని ఎన్నడు నెఱుగని పల్లెవారిచేత, చాలముందే రాతికెక్కెను. ఏలినవారు సిపాయీని అంకెగా చూచిరి. ఆ సిపాయియే తన వెనుక ఊడ్చువానిని మనుష్యునిగా చూడలేదు. మొదటిదానికి 2021లో క్షమాపణ వచ్చినది. రెండవదానికి క్షమాపణ చెప్పవలసినవారు మనమే. మన పల్లెలలో నేటికిని కులమున కొక శ్మశానము విడిగానుండుట చూచుచున్నాము. శవమును దారిన పోనీయక అడ్డగించిన వార్తలు ఇప్పటికిని వినుచున్నాము. చనిపోయినవానితో తగవు తీరనిచోట బ్రతికినవానికి న్యాయము దొరకునా?

మన తెలుగుదేశమున ఈ విషయమున మేలైన యాదర్శము లేకపోలేదు. పల్నాటి యుద్ధకాలమున బ్రహ్మనాయుడు అన్నికులములవారిని ఒక్కచాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టెను, దానినే చాపకూడనిరి. మాలకులమున పుట్టిన కన్నమదాసును ఆతడు కుమారునిగా జేరదీసి సేనానాయకునిగా జేసెను. కారెంపూడి యారాధనలో మందపోరునాడు చాపకూడు నేటికిని జరుగుచున్నది. వీరస్మరణము కులభేదములేని పంక్తిభోజనముతో కూడియుండవలెనని యెనిమిదివందల యేండ్లక్రిందటి మనవారికి తోచినది. ఏడాదికొక్కనాడు చాపమీద కూర్చుండి, తక్కిన దినములలో లేచి వేఱుపడుట ఆ స్మరణముయొక్క యుద్దేశమును నెఱవేర్చుట కాదు.

తెలుగువారికి ఆ మహాసంగ్రామముతో సంబంధమేమి యని కొంద ఱడుగవచ్చును. బ్రిటిషువారి తొలి సిపాయీలలో పలువురు మనవారే. వారు ఉత్తరదేశమునకు పోవుటచేత అచ్చట సిపాయికి తిలంగా యను పేరే వాడుకయైనది. 19వ శతాబ్దము చివర రాబర్ట్సు సేనాని మొదలగువారు యుద్ధజాతులు, యుద్ధజాతులు కానివారు అను విభాగమును కల్పించి, దక్షిణాదివారి చేరికను తగ్గించిరి. అయినను మదరాసు సాపర్స్ అండ్ మైనర్స్ అను పటాలమున తెలుగువారు నిలిచి, మెసపొటేమియాలో పనిచేసిరి. హైదరాబాదు సంస్థానపు అశ్వదళము సూయజు, పాలస్తీనాలలో నుండెను; 1922లో ఢిల్లీలో నిలిపిన తీన్ మూర్తి విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధపురము దళముల జ్ఞాపకార్థమైనవి. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు సమీపముననున్న మాధవరము తరతరములుగా సైనికులను పంపుచున్న గ్రామము. హైదరాబాదు స్త్రీల యుద్ధసహాయసంఘముకొఱకు 1915లో సరోజినీ నాయుడు భారతసైనికులనుగూర్చి ఆంగ్లమున ఒక పద్యము వ్రాసెను. ఇంక వంటవారు, మోతగాండ్రు, పశువులను తోలువారు ఎందఱు మన జిల్లాలనుండి ఓడ లెక్కిరో వారి వారి యిండ్లలో వెదకి తెలిసికొనవలసియున్నది.

పరప్రభువుకొఱకు పోరాడినవారిని స్వతంత్రభారతము స్మరింపవలెనా యను ప్రశ్నయు కలదు. ఇది త్రోసివేయదగినది కాదు. వారు తమ దేశముకొఱకు గాక, దేశము నేలుచున్నవారికొఱకు పోయిరి. యుద్ధమున సాయపడినచో స్వపరిపాలన లభించునని నాయకులు పెక్కుమంది నమ్మిరి. 1914లో లండనులోనున్న గాంధీమహాత్ముడును క్షతగాత్రుల సేవకు భారతీయ స్వచ్ఛందదళమును చేర్చెను. ప్రతిఫలముగా 1919లో రౌలటు శాసనమును, ఏప్రిల్ 13వ తేదీన జలియన్‌వాలాబాగు హత్యాకాండయు లభించెను. ఏ పంజాబు అధికసంఖ్యగా సైనికుల నిచ్చినదో ఆ పంజాబుననే తుపాకులు ప్రేలెను. ఆ కోపమువలన మనవారు ఆ సైనికులను మఱచుటయే మేలనుకొనిరి. మఱుపునకు కారణము గౌరవింపదగినదే. కాని దానివలన దొరతనమునకు నష్టమేమియు కలుగలేదు. మఱువబడినవారు 11 రూపాయల జీతముతో ఇంటిల్లిపాదిని పోషించిన పేదరైతుబిడ్డలు మాత్రమే. యుద్ధకారణమును ఖండించుచునే యుద్ధమున మడిసిన మనుష్యుని పేరు పలుకవచ్చును.

స్మరణమువలన యుద్ధోన్మాదము పెరుగునని భయపడువారును గలరు. జెండాలు, బాకాలు, పూలచక్రములు యుద్ధమునకు సొగసు కూర్చునని వారి వాదము. రాజుల పేర, సేనానుల పేర చేయు జయోత్సవములకు ఈ యాక్షేపణ తగును. పేర్లు చదువు సభకు తగదు. లక్షల లెక్క విన్నప్పుడు మనస్సు చలింపదు; ఒక్కొక్క పేరును, ఊరును, పటాలమును చదువుకొనుచు పోగా ఎంతమంది తల్లులకు కడుపుకోత కలిగినదో తెలియును. ఈప్రలో 1928వ సంవత్సరమునుండి, జర్మనుల యాక్రమణకాలము తప్ప, రాత్రి ఎనిమిదిగంటలకు బాకా మ్రోగించు వాడుక సాగినది. ఆ బాకా యూదువారు ఆ పట్టణపు అగ్నిమాపకదళమున సేవచేయువారు. వారి పని మంట లార్పుట. ఇట్టివారిచేత నడుచు స్మరణము యుద్ధమును పెంచునది కాదని మా నమ్మకము.

మనదేశమునందు ఢిల్లీలో 1931లో ఆవిష్కరింపబడిన ఇండియా గేటుమీద 13 వేలకు పైగా పేర్లున్నవి. స్వాతంత్ర్యానంతరము మడిసినవారి పేర్లతో 2019 ఫిబ్రవరి 25వ తేదీన జాతీయ యుద్ధస్మారకము ప్రారంభమైనది. ఇవి దేశము చేయవలసిన పనులు. గృహములు చేయవలసిన పని వేఱొకటి యున్నది. మన యిండ్లలో పాతపెట్టెల యడుగున ఎవరిదో పతకము, ఏ తాతమ్మకో వచ్చుచుండిన పింఛను కాగితము, ఎర్రబారిన ఛాయాపటము పడియుండవచ్చును. వానిని పాతసామానువాని కీయకముందు ఇంటి పెద్దల నడిగి, పేరు, ఊరు, పటాలము, మరణించిన తావు ఒక కాగితముమీద వ్రాసియుంచుడు. వీరునితోపాటు ఆతని వెంట మోసినవానిని, వండినవానిని, ఊడ్చినవానిని గూడ అదే వరుసలో వ్రాయుడు. వెనుక మిగిలిన భార్య పేరును వ్రాయుడు. ఏ శాసనమునందును ఆమె పేరు లేదు. పాఠశాలలలో ఉపాధ్యాయులు తమ గ్రామపు పేర్లను బాలురచేతను బాలికలచేతను సేకరింపజేసినచో నాలుగైదేండ్లలో ప్రతి తాలూకాకును ఒక పట్టిక సిద్ధమగును. దీనికి ధనము అక్కఱలేదు, దొరతనపు టుత్తరువు అక్కఱలేదు. ఇంటిలోని ముసలివారు మాటలాడగలిగిన దినములలోనే ఈ పని జరుగవలెను.